ఉల్లికోడు ఈగను గుర్తుపట్టడం ఎలా
(రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నాకిచ్చిన అంశం చాలా చిన్నది. మూడు మిల్లీమీటర్లు, మహా అయితే నాలుగు మిల్లీమీటర్ల పొడవుండే ఒక ఈగ. మద్దతు ధర గురించి, కాలువ నీళ్ల గురించి, కౌలు రైతుల కార్డుల గురించి మాట్లాడుకునే చోట ఈగ సంగతేమిటని కొందరికి అనిపించొచ్చు. అయితే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మన శ్రీకాకుళం, విజయనగరం పల్లాల్లో ఎకరానికి రెండు మూడు సార్లు కొడుతున్న మందుల్లో ఎన్ని అసలు పురుగుకు తగులుతున్నాయో ఒకసారి ఆలోచించండి. మనం దుకాణానికి వెళ్లి ఏమంటాం? "బాబూ, చేనుకు దోమ పట్టింది" అంటాం. ఆయన ఓ డబ్బా ఇస్తాడు. ఏ దోమ అని ఆయన అడగడు, మనం చెప్పం. ఖర్చు మన ఖాతాలో పడుతుంది.

అసలు చిక్కు మన మాటలోనే ఉంది. సుడిదోమ అంటాం, పచ్చదోమ అంటాం, తెల్లదోమ అంటాం. ఇవేవీ దోమలు కావు. దోమ జాతికీ వీటికీ చుట్టరికమే లేదు. సుడిదోమ నల్లి జాతికి దగ్గర. దానికి నాలుగు రెక్కలు. వీపు మీద ఇంటి కప్పులా మడిచి పెట్టుకుంటుంది. రసం పీల్చే ముక్కు తల కిందకు వంగి ఉంటుంది. దుబ్బు కదిపితే గెంతుతుంది. దోమ అని మనం పిలవని ఉల్లికోడు మాత్రం నిజంగా దోమ కుటుంబానికి దగ్గరది. దానికి రెండే రెక్కలు. చూస్తే అచ్చం దోమలాగే ఉంటుంది. అంటే దోమలు కానివాటిని దోమలంటున్నాం, దోమలాంటి దాన్ని దోమ అనడం లేదు. మందు తారుమారు కావడం ఇక్కడి నుంచే మొదలు. సుడిదోమకు వాడే పైమెట్రోజిన్ రసం పీల్చే పురుగుల కోసం తయారు చేసింది. ఉల్లికోడు పిల్లపురుగు మొవ్వ లోపల కూర్చుని ఉంటుంది, దానికి ఆ మందుతో పనిలేదు. పోనీ సైపర్‌మెత్రిన్ లాంటిది కొడదామంటే, ఆ రకం మందులు సాలీళ్లను, ఇతర మిత్ర పురుగులను చంపి సుడిదోమను పెంచి పెడతాయి. ఒక పురుగును వదిలించుకోబోయి ఇంకో పురుగును తెచ్చుకున్నట్టవుతుంది.

అందుకని ముందు రెక్కలు లెక్కపెట్టడం నేర్చుకుందాం. ఈగలన్నిటికీ, దోమలన్నిటికీ రెండే రెక్కలు. వెనక రెక్కలు ఉండాల్సిన చోట గుండుసూది తల లాంటి రెండు చిన్న బొడిపెలుంటాయి. ఎగిరేటప్పుడు తూలిపోకుండా ఈగను నిలబెట్టేవి అవే. పట్టుకున్న పురుగుకు ఆ బొడిపెలు కనిపించాయంటే అది ఈగ జాతిదే. నాలుగు రెక్కలుంటే ఈగ కాదు, ఇంకేదో. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. పది రెట్లు పెద్దదిగా చూపించే చేతి భూతద్దం ఉంటే చాలు, రెండు మూడు వందలకు దొరుకుతుంది. ఒక మందు డబ్బా ఖరీదులో ఊరికి రెండు కొనుక్కోవచ్చు.

ఇప్పుడు ఉల్లికోడు తల్లి ఈగ దగ్గరకు వద్దాం. శాస్త్రవేత్తలు దీన్ని ఒర్సియోలియా ఒరైజా అంటారు. 1889లో వుడ్-మేసన్ అనే ఆయన దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. పాత పుస్తకాల్లో పాకిడిప్లోసిస్ అని కనిపిస్తుంది, రెండూ ఒకటే. ఆడ ఈగ పొట్ట ఎర్రగా, నారింజ పండు రంగు కలిసిన ఎరుపులో మెరుస్తుంది. గుడ్లతో నిండిన పొట్ట కాబట్టి లావుగా కనిపిస్తుంది. మగది ఇంకా సన్నం, పసుపు కలిసిన గోధుమ రంగు. కాళ్లు ఒంటి కంటే పొడవు, దారపు పోగుల్లా ఉంటాయి. మీసాలు పూసలు గుచ్చిన దండలా ఉంటాయి, పూసకూ పూసకూ మధ్య సన్నని వెంట్రుకలు. రెక్కల మీద ఈనెలు మూడో నాలుగో, అంతే. దీపం ముందు పట్టి చూస్తే రెక్క దాదాపు ఖాళీగా కనిపిస్తుంది. దోమ రెక్క అలా ఉండదు. దానికి ఈనెలు చాలా, ఈనెల మీద, అంచు మీద పొలుసులు. దోమకు ముందుకు పొడుచుకొచ్చిన సూది ఉంటుంది. ఉల్లికోడు ఈగకు సూది లేదు. అది ఎవరినీ కుట్టదు, పైరు మీద ఏమీ తినదు. బతికేది ఒకటి నుంచి మూడు నాలుగు రోజులే. ఆ కాస్త కాలంలో ఒక్కో ఆడది వందకు పైగా, కొన్నిసార్లు రెండు మూడు వందల గుడ్లు పెట్టిపోతుంది.

మన చెరువుల పక్క ఊళ్లలో ఉన్నవాళ్లు ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. వానలు పడిన వారం పది రోజులకు వీధి దీపాల చుట్టూ, ఇంట్లో బల్బు చుట్టూ వేలకు వేలు మూగే సన్నని పురుగులు చూస్తుంటారు. తెల్లారి చూస్తే గుమ్మంలో ఊడ్చిపోసేటన్ని ఉంటాయి. అవి చూసి "ఉల్లికోడు వచ్చేసింది" అని మందుకు పరిగెత్తేవాళ్లున్నారు. వాటిలో ఎక్కువ భాగం చెరువు బురదలో పెరిగే ఈగలు. వాటి పిల్లలు బురదలో ఎర్రని సన్నటి పురుగుల్లా కనిపిస్తాయి, చేపలకు మేత. వీటిని పోల్చుకోవడం తేలిక. మగదాని మీసాలు పూసల దండలా కాదు, కోడి ఈకలా గుబురుగా ఉంటాయి. గోడ మీద వాలినప్పుడు ముందు కాళ్లు రెండూ పైకెత్తి పెట్టుకుంటుంది. దోమ అయితే వెనక కాళ్లు ఎత్తుతుంది. ముందు కాళ్లు ఎత్తిందా, వెనక కాళ్లు ఎత్తిందా అని చూస్తే చాలు, పిల్లలు కూడా చెప్పేస్తారు. ఈ చెరువు ఈగ పొట్టకు ఉల్లికోడు ఆడదాని ఎరుపు ఉండదు. పచ్చగానో, గోధుమ రంగులోనో, నల్లగానో ఉంటుంది.

ఇంకొకటి. పాలకొండ, సీతంపేట, కురుపాం కొండవారల్లో, జీడి తోటల్లో, ఇళ్ల దగ్గర తడిసిన గడ్డిమేటుల్లో, పెంటపోగుల మీద నల్లని చిన్న ఈగలు లేస్తుంటాయి. పుట్టగొడుగులు, కుళ్లిన ఆకు, తడి చెత్త ఎక్కడుంటే అక్కడ ఉంటాయి. అడవిలో నేల మీద రాలిన ఆకును మట్టిగా మార్చే పనిలో వీటికీ వాటా ఉంది. వీటి మీసాలు కూడా కాస్త పూసల్లాగే ఉంటాయి, అందుకే కంగారు. తేడా ఎక్కడంటే, వీటి ఒళ్లు నల్లగా ఉంటుంది, మోకాలి కింది భాగం చివర చిన్న ముల్లు ఉంటుంది, రెక్క మధ్యలో ఈనె పంగలా రెండుగా చీలుతుంది. ఉల్లికోడు కాలికి ఆ ముల్లు లేదు. ఇవి వరికి ఏమీ చేయవు. పుట్టగొడుగుల షెడ్డు ఉన్నవాళ్లకు మాత్రం పెద్ద బెడద, అది వేరే కథ.

సరే, గుర్తుపట్టాం. దాని వల్ల లాభమేంటి? ఇక్కడే అసలు సంగతి ఉంది. చేనులో తెల్లని గొట్టం కనిపించిందంటే ఆ పిలక పని అప్పటికే అయిపోయింది. దానికి కంకి రాదు. గొట్టం చూసి కొట్టిన మందు ఆ పిలకను బతికించదు. తల్లి ఈగ రాత్రిపూట ఆకు మొదలు దగ్గర గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజులకు గుడ్డు పగులుతుంది. పిల్లపురుగుకు కాళ్లు లేవు. ఆకు మీద పలచని తడి ఉంటేనే అది పాకుతూ ఆకు తొడిమ లోపలికి దిగి, మొలకెత్తే మొగ్గ దగ్గరకు చేరుతుంది. ముసురు పట్టి సన్నని జల్లులు పడుతుంటే ఉల్లికోడు పెరుగుతుందని మన పెద్దలు అనేది ఇందుకే. ఎండ కాసి ఆకు ఆరిపోతే పిల్లల్లో చాలా భాగం దారిలోనే చస్తాయి. మొగ్గ దగ్గరకు చేరినది అక్కడ గోకి తింటుంటే, ఆకు కావాల్సినది దాని చుట్టూ గొట్టంగా మూసుకుపోతుంది. రెండు వారాలకు పైగా లోపలే ఉండి, గూడు కట్టే దశకు వచ్చేసరికి గొట్టం ఒక్కసారిగా పైకి సాగుతుంది. మనకు కనిపించేది అప్పుడే. గూడు దశలో దాని ఒంటి మీద ముళ్లుంటాయి. ఆ ముళ్లతో గొట్టం కొసకు ఎక్కి, కన్నం పెట్టుకుని ఈగగా బయటకు వస్తుంది. ఖాళీ పొర ఆ కన్నంలోనే సగం బయటకు వేలాడుతూ ఉంటుంది. భూతద్దం లేకపోయినా కనిపిస్తుంది.

అంటే తల్లి ఈగ దీపం దగ్గర కనిపించిన రోజుకూ, గొట్టం కనిపించిన రోజుకూ మధ్య దాదాపు మూడు వారాలు. ఈగను గుర్తుపట్టినవాడికి ఆ మూడు వారాలు చేతిలో ఉంటాయి. గొట్టం చూసినవాడికి లేవు.

గొట్టాన్ని మొవ్వు చావుతో కలపొద్దు. కాండం తొలిచే పురుగు పడిన మొవ్వ ఎండి, పీకితే తేలిగ్గా ఊడి వస్తుంది, మొదలు కొరికినట్టు ఉంటుంది. ఉల్లికోడు గొట్టం ఎండదు. ఉల్లికాడలా బోలుగా, వెండి రంగు కలిసిన తెలుపులో ఉంటుంది. కొసన చిన్న ఆకు ముక్క మిగిలి ఉంటుంది. దుబ్బు మొదట్లో పిలకలు గుత్తుగా వస్తాయి, పనికిరాని పిలకలు. ఉల్లి పేరు దీనికి అందుకే వచ్చింది.

ఇప్పుడు మన జిల్లాల ప్రత్యేకత చెప్పాలి. ఇది చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు రైతుకు చెప్పడం లేదు.

1970లలో ఉల్లికోడును తట్టుకునే వరి రకాలు వచ్చాయి. థాయిలాండ్ నుంచి తెచ్చిన సియాం 29 అనే వరితో ఐఆర్ 8ను కలిపి తీసిన సురేఖ, ఫల్గుణ అలాంటివే. ఆ రకాల్లో పిల్లపురుగు మొగ్గ దాకా చేరినా బతకలేదు. కొన్నేళ్లు రైతు ఊపిరి పీల్చుకున్నాడు. ఆ తర్వాత 1980లలో మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో ఫల్గుణ మీద కూడా గొట్టాలు వచ్చాయి. పరిశోధకులు వచ్చి చూస్తే ఈగ అదే ఈగ. అవే పూసల మీసాలు, అదే ఎర్ర పొట్ట, అవే మూడు నాలుగు ఈనెలు. ఎంత పెద్ద భూతద్దం పెట్టినా తేడా లేదు. దాని ఒంట్లో తేడా లేదు, దాని తిండిలో ఉంది. ఫల్గుణను జీర్ణం చేసుకోవడం నేర్చిన ఈగ ఇది. దీనికి బయోటైప్ 4 అని పేరు పెట్టారు. మన మాటలో చెప్పాలంటే నాలుగో రకం ఈగ. దేశంలో ఇలాంటి రకాలు ఇప్పటికి ఏడు గుర్తించారు. కటక్ వైపు ఒక రకం, కేరళలో ఒకటి, మణిపూర్‌లో ఒకటి. వరంగల్ దగ్గర మన నాలుగో రకానికి దగ్గరి దాయాదిని కనిపెట్టి 4ఎం అన్నారు. ఇవన్నీ కంటికి ఒకటే. వాటిని వేరుచేయడానికి ఒకటే దారి. ఎంపిక చేసిన కొన్ని వరి రకాల నారు వరసలుగా పోసి, ఈగలను వదిలి, ఏ వరసలో గొట్టాలు వచ్చాయో చూస్తారు. మన నాలుగో రకం డబ్ల్యూ 1263 వరస మీదా గొట్టాలు పెట్టింది, ఫల్గుణ వరస మీదా పెట్టింది. మొదటి రకం ఈగకు ఆ రెండూ లొంగలేదు.

ఈ సంగతి మీకెందుకు చెబుతున్నానంటే, విత్తనం సంచి మీద, కరపత్రం మీద "ఉల్లికోడును తట్టుకుంటుంది" అని రాసి ఉంటుంది. మనం అది చదివి కొంటాం. అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఎక్కడి ఉల్లికోడును? ఉత్తర తెలంగాణలో పరీక్ష చేసి తట్టుకుందన్న రకం నాగావళి, వంశధార కింద తట్టుకోవాలని లేదు. ఇక్కడి ఈగ మీద పరీక్ష చేశారా, ఎన్ని సీజన్లు చేశారు అని అడగండి. మనకు రాగోలులో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, అనకాపల్లిలో ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది, నైరలో వ్యవసాయ కళాశాల ఉంది. అక్కడి శాస్త్రవేత్తలకు ఈ ఈగ కొత్త కాదు. విత్తనం కొనేముందు అక్కడ అడిగితే డబ్బు తీసుకోరు. మన జిల్లాల్లో ఎక్కువగా వేసే స్వర్ణ, సాంబమసూరి రెండూ ఈ పురుగుకు లొంగేవే. ఆ రెండూ వేయొద్దని నేననను. బియ్యం గుణం, మార్కెట్టు చూసుకుని వేస్తున్నాం. వేసినవాడు మిగతావాడి కంటే ముందు మేలుకోవాలి అంటున్నా.

గుర్తుపట్టడంలో తేడా వస్తే ఎంత దూరం పోతుందో ఇంకో ఉదాహరణ. ఆఫ్రికాలో నైజీరియా, బుర్కినాఫాసో దేశాల్లో వరికి ఇలాంటి గొట్టాలే వస్తాయి. చాలా ఏళ్లు అది మన ఆసియా ఉల్లికోడే అనుకున్నారు. 1982లో హారిస్, గాన్యే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వాటి అవయవాలను పక్కపక్కన పెట్టి చూసి, కాదు, ఇది వేరే జాతి అని తేల్చారు. దానికి ఒర్సియోలియా ఒరైజివోరా అని పేరు పెట్టారు. ఆసియాలో తట్టుకున్న వరి రకాలు అక్కడ చాలావరకు పనిచేయకపోవడానికి కారణం అప్పుడు అర్థమైంది. కంటికి ఆనని అవయవం దగ్గర తేడా, రెండు ఖండాల రైతుల సంగతి.

మన గట్ల మీదా అలాంటిదే ఒకటుంది. గరికకు కూడా ఉల్లికోడు గొట్టం లాంటిది వస్తుంది. గట్టు మీద గరికలో గొట్టాలు చూసి, చేనులోకి వచ్చేది ఇక్కడి నుంచే అనుకుని గడ్డిమందు కొట్టేవాళ్లున్నారు. గరిక మీదది దగ్గరి చుట్టమే గానీ వేరే జాతి ఈగ. అది వరి మీదకు రాదు. పైగా దాన్ని పట్టి తినే మిత్ర పురుగులు ఆ గట్టు మీదే బతుకుతుంటాయి. గట్టును కాల్చేస్తే, మందు కొట్టేస్తే నష్టం మనకే. వరి ఉల్లికోడు సీజన్ కాని రోజుల్లో దాక్కునేది అడవి వరి మీద, కోత అయ్యాక మోళ్ల నుంచి మళ్లీ చిగురించిన పిలకల మీద. తీసేయాల్సినవి అవి.

మిత్ర పురుగు అన్నాను కాబట్టి దాన్నీ గుర్తుపట్టాలి. లేకపోతే దాన్ని ఈగ అనుకుని చంపేస్తాం. నల్లగా నిగనిగలాడుతూ ఒక మిల్లీమీటరు ఉంటుంది. పేరు ప్లాటిగాస్టర్. ఇది ఈగ కాదు, కందిరీగ జాతి. నాలుగు రెక్కలు, రెక్కల్లో ఈనెలు ఇంచుమించు లేనట్టే. నడుము దారంలా సన్నం. మీసం మోచేయిలా వంగి ఉంటుంది. ఇది ఉల్లికోడు గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. ఆ ఒక్క గుడ్డు నుంచి పదుల సంఖ్యలో పిల్లలు చీలి పుట్టి, ఉల్లికోడు పిల్లపురుగును లోపలి నుంచి తినేస్తాయి. గొట్టం మామూలుగానే వస్తుంది, కానీ అందులోంచి ఈగ రాదు. అందుకని గొట్టాలు కనిపించగానే మందు డబ్బా తీయకండి. ఓ పది గొట్టాలు కోసి, బ్లేడుతో నిలువుగా చీల్చి చూడండి. లోపల పురుగు ఎర్రగా నున్నగా ఉంటే ఆరోగ్యంగా ఉన్న ఉల్లికోడు. పొట్టంతా చిన్న చిన్న గింజలు కూరినట్టు ఉబ్బి గోధుమ రంగులో ఉంటే దాని పని మిత్రపురుగు చూసేసింది. పదింట్లో ఐదారు అలా ఉంటే మందు కొట్టి వాటిని చంపడం అంత తెలివితక్కువ పని లేదు. సీజన్ చివరికి వచ్చేకొద్దీ ఇవి ఎక్కువవుతాయి.

ఇక ఎప్పుడు ఏం చేయాలి? ఆకుమడిలోనే మొదలుపెట్టాలి. ఆకుతీతకు వారం ముందు, సెంటు ఆకుమడికి కార్బోఫ్యూరాన్ 3 శాతం గుళికలు 160 గ్రాములు, పలచగా నీళ్లు నిలగట్టి వేయమని సిఫార్సు. పెద్ద చేనులో వేసేదాని కంటే ఇది చవక, మేలు. గుళికలు చేత్తో ముట్టకండి, చిన్నపిల్లల చేత వేయించకండి, విషం. ఇదివరకు ఉల్లికోడుకు ఫోరేట్ గుళికలు వాడేవాళ్లం. వాటిని 2020 డిసెంబరు 31తో దేశమంతా నిషేధించారు. ఇంకా ఎక్కడైనా పాత సరుకు అంటగడితే తీసుకోకండి, సంఘానికి చెప్పండి.

ఉభాలయ్యాక మడిలో ఐదు చోట్ల, చోటుకు నాలుగు దుబ్బులు, మొత్తం ఇరవై దుబ్బులు పట్టి పిలకలు లెక్కపెట్టండి, వాటిలో గొట్టాలు లెక్కపెట్టండి. 200 పిలకలకు 10 గొట్టాలుంటే 5 శాతం. ఆ హద్దు దాటితేనే, అదీ పిలకలు వేసే దశలో ఉంటేనే చర్య. పైరు పొట్ట దశకు వచ్చాక ఉల్లికోడుకు పనిలేదు, అప్పుడు కొట్టే మందుకూ పనిలేదు. దీపపు ఎర ఖర్చు లేనిది. గట్టు మీద ఒక బల్బు, కింద గిన్నెలో నీళ్లు, ఓ చుక్క సబ్బు నీళ్లు. రాత్రి ఎనిమిది నుంచి పది దాకా చాలు. పొద్దున్నే ఆ నీళ్లను తెల్లగుడ్డ మీద వంపి, ఎర్ర పొట్టవి ఎన్ని అని లెక్క. రోజురోజుకూ పెరుగుతున్నాయంటే కబురు అందినట్టే.

అన్నిటి కంటే పెద్ద మందు మాత్రం మన చేతిలో లేదు. తొందరగా ఉభాలు చేసిన చేను ఈగలు పెరిగే సమయానికి పిలకలు వేయడం ముగించుకుని తప్పించుకుంటుంది. ఆగస్టు దాటి ఉభాలు చేసిన చేను సరిగ్గా లేత పిలకల మీద ఉన్నప్పుడు ఈగలు గుంపులుగా వస్తాయి. ఆలస్యంగా నాటేది ఎవరు? కాలువ చివర ఉన్న శివారు రైతు. వంశధార ఎడమ కాలువ చివరైనా, తోటపల్లి కాలువ చివరైనా, చెరువు మదుము ఆఖరి మడైనా అంతే. పై మడులకు జూలైలో నీళ్లు అందితే శివారు మడికి అందేసరికి ఆలస్యమవుతుంది. అప్పుడు పై మళ్లలో ఒక తరం పెరిగిన ఈగ కిందికి దిగుతుంది. శివారు రైతు చేను పాడైతే "సకాలంలో సస్యరక్షణ చేపట్టలేదు" అంటారు. కాలువ పూడిక తీయించడం, జూన్ ఆఖరుకల్లా శివారు దాకా నీళ్లివ్వడం కూడా సస్యరక్షణే. నీటిపారుదల అధికారులకు ఇచ్చే అర్జీలో ఈ మాట ఈసారి రాద్దాం. ఎద పద్ధతిలో వేసినవాళ్లు కొంత ముందు ఉంటున్నారు, వాళ్ల కలుపు బాధ వాళ్లకుంది.

మామిడి రైతులు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి రెండు మాటలు. మామిడి పూతలోనూ ఇదే కుటుంబం ఈగ ఒకటి గుడ్లు పెడుతుంది. పూకాడ వంకర తిరిగి, చిన్న కన్నం కనిపిస్తుంది, లోపల పసుపు రంగు పిల్లపురుగు. అది నేల మీదకు రాలి మట్టిలో గూడు కడుతుంది, అందుకే పూతకు ముందు చెట్ల కింద దున్నమంటారు. దీన్ని తేనెమంచు పురుగుతో కలపకండి, తేనెమంచు పురుగు గెంతుతుంది, నాలుగు రెక్కలు. కాయల మీద వాలే పండు ఈగలు మాత్రం వేరే కుటుంబం, లావుగా కందిరీగలా ఉంటాయి. వాటిలో ఒక రకానికి పొట్ట మీద నల్లని టి ఆకారపు గుర్తు, రెక్క ముందు అంచు పొడవునా సన్నని నల్ల గీత. ఇంకో రకానికి ఒళ్లు ఎర్రటి గోధుమ రంగు, రెక్క కొసన ఒక్క మచ్చ మాత్రమే. మిథైల్ యూజినాల్ ఎరకు రెండూ వస్తాయి, వచ్చేవి మగవే. ఎరలో ఈగలు పడ్డాయి కదా, ఇక కాయ క్షేమం అనుకోకండి, గుడ్లు పెట్టే ఆడది ఇంకా తోటలోనే ఉంటుంది. రాలిన కాయలు ఏరి గోతిలో పాతిపెట్టడం వదలొద్దు.

సంఘం తరఫున మనం అడగాల్సినవి నా లెక్కలో మూడున్నాయి. ప్రతి రైతు సేవా కేంద్రంలో ఒక భూతద్దం, ఒక దీపపు ఎర, ఈ ఈగల రంగు బొమ్మల అట్ట ఉండాలి. ఇది లక్షల పని కాదు. జూలై నుంచి అక్టోబరు దాకా ఎరలో పడిన ఈగల లెక్క వారానికోసారి కేంద్రం బోర్డు మీద రాయాలి. కొత్త విత్తనం ఏది మన జిల్లాల్లోకి వచ్చినా, ఇక్కడి నాలుగో రకం ఈగ మీద పరీక్ష ఫలితం రైతుకు తెలుగులో చెప్పాలి. చెప్పకుండా అమ్మనివ్వకూడదు.

ఇందాక వెనక వరసలో ఒక అక్క అడిగింది, ఈగను పట్టుకుంటే ఎవరికి చూపించాలి, తీసుకెళ్లేలోపు పాడైపోదా అని. మంచి ప్రశ్న. ఎండబెట్టి పొట్లం కట్టి తీసుకెళితే కాళ్లు, మీసాలు విరిగిపోతాయి, ఎవరూ ఏమీ చెప్పలేరు. ఇంజెక్షన్ మందు ఖాళీ సీసా లాంటిది శుభ్రంగా కడిగి, అందులో సర్జికల్ స్పిరిట్ పోసి, ఈగను తడి కుంచె కొసతో ఎత్తి వేయండి. చేత్తో నలపొద్దు. చిన్న కాగితం ముక్క మీద ఊరి పేరు, తేదీ, వరి రకం, దీపం దగ్గర పట్టారా చేనులో పట్టారా అన్నది పెన్సిలుతో రాసి సీసా లోపలే వేయండి. పెన్ను సిరా స్పిరిట్లో కరిగిపోతుంది. గొట్టాలైతే చీల్చకుండా తడి గుడ్డలో చుట్టి రెండో రోజుకల్లా చేర్చాలి. రాగోలు స్థానానికో, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికో, కొండ వైపు వాళ్లయితే రస్తాకుంటుబాయి కేంద్రానికో ఇవ్వండి. నాలుగైదు ఊళ్లవి కలిపి ఒకరు తీసుకెళితే బస్సు ఖర్చు కలిసొస్తుంది. ఈ వానాకాలం మన మండలం నుంచి ఎవరు వెళ్లాలో భోజనాలయ్యాక పేర్లు రాసుకుందాం.